వెళ్ళిన నాటి చట్టం, ఉన్న నాటి చట్టం

మంటకి దగ్గరగా జరగండర్రా. పత్తికంప ఒక్కటే వేస్తే భగ్గుమని మండి ఆరిపోతుంది, ఆ కందికంప కూడా కాస్త తగిలించండి. ఆఁ, ఇప్పుడడగండి. లక్ష డాలర్లంటే మన డబ్బుల్లో ఎంత అనా? ఆ కబురు వచ్చిన రోజు లెక్కన 88 లక్షలు నాన్నా.

ఆ రోజు నాకు బాగా గుర్తు. 2025 సెప్టెంబరు 19, శుక్రవారం. అమెరికాలో ట్రంపు సంతకం పెట్టేసరికి మనకి అర్ధరాత్రి దాటింది. శనివారం తెల్లారేసరికి మన పెదకూరపాడులో ఫోన్లు మోగడం మొదలైంది. హెచ్-1బి వీసా మీద మనిషిని తీసుకునే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి, ఆదివారం నుంచే అమలు అన్నారు. కొత్తవాళ్ళకేనా, పాతవాళ్ళకి కూడానా, సెలవు పెట్టి ఇంటికొచ్చిన వాళ్ళ గతేంటి, ఎవరికీ తెలీదు. మన వెనక వీధిలో ఒక కుర్రాడు మహాలయ అమావాస్యకి తండ్రికి పెట్టుకోవాలని వచ్చి ఉన్నాడు. అమావాస్య ఆదివారం. శనివారం పొద్దున్నే కంపెనీ నుంచి మెయిలు, ఉన్నపళాన తిరిగి రమ్మని. తల్లి అప్పటికే మర్నాటి గారెలకి మినపప్పు కొలుచుకుంటోంది. వాడు బ్యాగు సర్దుకుని శంషాబాదు కారెక్కాడు. దారిలో ఉండగానే అక్కడి ప్రభుత్వం వివరం చెప్పింది, ఇది కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి కాదని. ఆ మాట వీడి చెవిన పడేసరికి విమానం ఎక్కేశాడు. ఆదివారం వాళ్ళ బాబాయి కూర్చుని అన్నకి పెట్టాడు.

ఆ తల్లి సాయంత్రం నాకాడికొచ్చింది. "టీచరుగారూ, మావాడు వెళ్ళినప్పుడు ఈ రూలు లేదు కదండీ. మధ్యలో ఎట్టా మారుస్తారు?" అనడిగింది.

ఆ అడగడం ఆమెతో మొదలు కాలేదర్రా. వందేళ్ళ నుంచి మన తెలుగిళ్ళలో ఎవరో ఒకరు ఆ మాట అడుగుతూనే ఉన్నారు. మనిషి ఒక చట్టం చూసుకుని ఊరు దాటతాడు, అక్కడ బతకాల్సింది ఇంకో చట్టం కింద. తొలకరి చూసి పత్తి గింజ వేశాక వాన మొహం చాటేస్తే ఎట్టా ఉంటుందో మన పల్నాడు వాళ్ళకి వేరే చెప్పాలా? వేసిన గింజని వెనక్కి తీసుకోలేం.

ముందు రంగం సంగతి చెప్తా. మీ పుస్తకాల్లో రంగూన్ అని ఉంటుంది. మన పల్నాడు వాళ్ళు తక్కువే గానీ గోదావరి, విశాఖ, శ్రీకాకుళం వైపు వాళ్ళు వేలకి వేలు వెళ్ళారు. కాకినాడలోనో విశాఖలోనో ఓడెక్కడం, రంగం రేవులో మూటలు మొయ్యడం, బియ్యం మిల్లుల్లో పనిచెయ్యడం, నాలుగు డబ్బులు వెనకేసుకుని రావడం. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. బర్మా కూడా మనతోపాటే తెల్లదొరల కింద ఒకే దేశంగా ఉండేది. 1937 ఏప్రిల్ 1న దాన్ని విడదీశారు. అంతకుముందు రోజు దాకా సొంత దేశంలో కూలి చేసుకుంటున్న వాళ్ళు తెల్లారేసరికి పరాయి దేశంలో ఉన్నారు. వాళ్ళు మాత్రం ఉన్నచోటు నుంచి అడుగు కదల్లేదు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాయి. ఓడలు దొరకనివాళ్ళు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచొచ్చారు. దారిలో జ్వరాలతో, ఆకలితో పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. యుద్ధమయ్యాక కొందరు మళ్ళీ వెళ్ళారు. 1962లో అక్కడ సైన్యం గద్దెక్కింది, 1964లో కొట్లన్నీ సర్కారు పరం చేసింది. మళ్ళీ కట్టుబట్టలతో ఓడెక్కి వచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అని ఇప్పటికీ ఉంది చూడండి, అది వాళ్ళ పేరున పడ్డ పేటే.

నేను బి.ఇడి. చదివేటప్పుడు హాస్టల్లో నా పక్క మంచం పిల్ల అట్టా వచ్చినదే. రంగంలో పుట్టింది. తెలుగు మనకంటే చక్కగా మాట్లాడేది, కానీ కూడికలు మాత్రం నోట్లో బర్మా భాషలో వేసుకునేది. "నన్ను స్వదేశానికి వచ్చానంటారు. నేను అంతకుముందు ఈ దేశమే చూడలేదు" అనేది. వాళ్ళ నాన్నకి అక్కడ చిన్న బట్టల కొట్టు ఉండేదంట. ఇక్కడికొచ్చాక ఆయన మళ్ళీ కొట్టు పెట్టలేదు. ఎప్పుడేం మారుతుందోనన్న భయం మనిషిలో నుంచి పోలేదు అని చెప్పేది. చట్టం తీసుకుపోయిన డబ్బు లెక్కకొస్తుంది, ధైర్యం ఏ లెక్కకీ రాదు.

ఇక అమెరికా. నేను బళ్ళో ప్రతి ఏడూ యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పేదాన్ని. 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాసులో వైద్యం చదివి, మామగారి సాయంతో 1920ల మొదట్లో బోస్టన్ వెళ్ళాడు. అప్పటికే 1917లో అమెరికా ఒక చట్టం చేసింది, ఆసియా వాళ్ళు రాకూడదని. చదువుకునే వాళ్ళకి మాత్రం సందు ఉంచింది. ఆ సందులో నుంచి వెళ్ళాడాయన. 1923లో వాళ్ళ సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ ఆయన కేసులో తీర్పిచ్చింది, భారతీయులు తెల్లవాళ్ళు కాదు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని. అంతకుముందు పౌరసత్వం ఇచ్చినవాళ్ళ దగ్గర కూడా వెనక్కి లాక్కున్నారు. సుబ్బారావు గారు అక్కడే పాతికేళ్ళు పనిచేశాడు. రక్తహీనతకి వాడే ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, మన కోస్తా ఊళ్ళలో బోదకాలుకి మింగించే మందు, అన్నిటి వెనకా ఆయన చెయ్యి ఉంది. ఆ దేశపు పిల్లల్ని, మన దేశపు పిల్లల్ని బతికించాడు. పౌరుడు మాత్రం కాలేదు. 1946లో ట్రూమన్ సంతకంతో చట్టం మారింది, భారతీయులు పౌరులు కావొచ్చన్నారు. ఏడాదికి ఎంతమందిని కొత్తగా రానిచ్చారో తెలుసా? దేశం మొత్తానికి 100 మందిని. ఆ తర్వాత రెండేళ్ళకే, 1948 ఆగస్టులో, న్యూయార్కులో ఆయన కన్నుమూశాడు. 53 ఏళ్ళు.

ఆయన భార్య పేరు శేషగిరి. ఆయన వస్తాడని ఇక్కడే ఎదురుచూసింది. మళ్ళీ చూడలేదు. ఆయన రాకపోవడానికి చట్టం ఒక్కటే కారణమని నేననను, పరిశోధన ఆయన్ని వదల్లేదు. కానీ ఎక్కడా స్థిరంగా కాలు మోపనివ్వని దేశంలో సంసారం ఎట్టా పెడతాడు చెప్పండి. పాఠం అయిపోయాక ఎవరో ఒక ఆడపిల్ల లేచి అడిగేది, "టీచర్, మరి ఆవిడ ఏం చేసింది?" అని. పాఠంలో దానికి జవాబు లేదు. ఆ అడిగిన పిల్లల్లో ఇద్దరు ముగ్గురు తర్వాత తామే డిపెండెంటు వీసా మీద వెళ్ళారు. అందుకే చెప్తున్నా, వెళ్ళినవాళ్ళ కథ ఎంత చదువుతారో, ఇంట్లో ఉండిపోయిన వాళ్ళ కథ కూడా అంత అడగండి.

ఆ 1946లోనే మన గుంటూరు మెడికల్ కాలేజీ మొదలైంది. అక్కడ గేటు కాస్త తెరుచుకోవడం, ఇక్కడ డాక్టర్లు తయారవడం, రెండూ ఒకే ఏడాది. అప్పుడెవరూ ఆ రెండిటినీ కలిపి చూడలేదు. ఇరవై ఏళ్ళకి అవి కలిశాయి. 1965 అక్టోబరు 3న జాన్సన్ అనే అధ్యక్షుడు స్వేచ్ఛా విగ్రహం కింద కూర్చుని కొత్త చట్టం మీద సంతకం పెట్టాడు. ఒక్కో దేశం నుంచి ఏడాదికి 20 వేల మంది దాకా రావొచ్చు, చదువున్నవాళ్ళు రావొచ్చు, దగ్గరి బంధువులు రావొచ్చు అని. వందకీ ఇరవై వేలకీ తేడా చూడండి. అదే ఏడాది వాళ్ళు ముసలివాళ్ళకి సర్కారు వైద్యం పెట్టుకున్నారు, వియత్నాం యుద్ధం ఒకటి నడుస్తోంది. డాక్టర్లు చాల్లేదు. మన గుంటూరు డాక్టర్లకి పిలుపొచ్చింది.

మా మేనమామ అట్టా వెళ్ళినవాడే. మన స్టేషన్లో మాచర్ల నుంచి వచ్చే మీటరు గేజి బండెక్కి గుంటూరు, అక్కడి నుంచి మద్రాసు, బొంబాయి. అప్పట్లో మన సర్కారు విదేశం వెళ్ళేవాడి చేతిలో ఎనిమిది డాలర్లే పెట్టనిచ్చేది. జేబులో ఎనిమిది డాలర్లు, పెట్టెలో మా అమ్మమ్మ పెట్టిన గోంగూర పచ్చడి. చేరానన్న ఉత్తరం రావడానికి వారాలు పట్టింది. నీలం రంగు ఎయిరోగ్రాము అది, అంచులు జిగురుతో అంటించి ఉండేవి. చించితే అక్షరాలు పోతాయని మా అమ్మమ్మ ఆవిరి పట్టించి విప్పించేది. నేను చదివితే వినేది. రెండో ఏడు అత్తయ్య వెళ్ళింది. ఐదేళ్ళు నిండాక పౌరసత్వం తీసుకున్నాడు. చట్టంలో అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ అర్జీ పెట్టే వీలుంది, పెట్టాడు. ఒకరు వెళ్ళడం కాదర్రా అది, ఒక వంశం కదలడం.

అయితే అదీ అట్టా ఉండలేదు. 1976లో మాకిక డాక్టర్లు చాలు అని చట్టం బిగించారు. మామయ్య జూనియరు ఒకాయన అన్నీ సిద్ధం చేసుకుని ఉన్నాడు. ఆగిపోయాడు. రెండు మూడేళ్ళు మనిషి దిగులుపడ్డాడు గానీ తర్వాత సత్తెనపల్లి వైపు ప్రాక్టీసు పెట్టాడు. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన చేతి మందు వాడని ఇల్లు లేదు. అది కూడా చెప్పాలి కదా. వాళ్ళు తలుపేసిన చోట మనకొక వైద్యుడు దక్కాడు.

బంధువుల అర్జీ సంగతి వినండి. అర్జీ పెట్టినప్పుడు మా పిన్ని కూతురికి ఎనిమిదేళ్ళు. అన్నదమ్ముల వరస చాలా పొడుగు. ఏళ్ళు గడుస్తూ గడుస్తూ వంతు వచ్చేసరికి ఆ పిల్లకి 21 దాటాయి. చట్టం ప్రకారం 21 దాటితే పిల్ల కాదు, అమ్మానాన్నల కాగితం మీద వెళ్ళడానికి లేదు. పిన్నీ బాబాయీ తమ్ముణ్ణి తీసుకుని వెళ్ళారు. ఆ అమ్మాయి ఇక్కడే ఉండిపోయింది. పెళ్ళికి కూడా వాళ్ళు చుట్టాల్లాగా వచ్చి వెళ్ళారు. మంచి చేద్దామని పెట్టిన అర్జీయే ఇంటిని రెండు చేసింది. ఇప్పుడు అదే వరసలో మనవాళ్ళకి పదిహేనేళ్ళకి పైనే పడుతోంది.

తర్వాత కంప్యూటర్ల కాలం. 1990లో చేసిన చట్టంతో ఈ హెచ్-1బి వచ్చింది, ఏడాదికి 65 వేల వీసాలు. ఇక్కడ మన వైపు ఇంజనీరింగు కాలేజీలు లేచాయి, అమీర్‌పేటలో కోర్సులు లేచాయి. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తారీఖులు తప్పుతాయని ప్రపంచమంతా భయపడింది, మన పిల్లలకి అది పనైంది. వీసాల సంఖ్య లక్షా 15 వేలు చేశారు, 2001 నుంచి మూడేళ్ళు లక్షా 95 వేలు చేశారు. మా అబ్బాయి ఆ ఊపులో వెళ్ళాడు. వెళ్ళిన మరుసటేడే అక్కడ కంపెనీలు కూలాయి. పని పోతే వీసా పోయినట్టే. సామాను అమ్ముకుని తిరిగొచ్చాడు. 2003 అక్టోబరుకి ఆ సంఖ్య మళ్ళీ 65 వేలకి దిగింది. తర్వాత అమెరికాలో పీజీ చదివిన వాళ్ళకి ఇంకో 20 వేలు కలిపారు. చాలినన్ని లేక లాటరీ తియ్యడం మొదలైంది. అర్హత ఎంతున్నా చీటీ తగలాలి. మావాడు కొన్నేళ్ళు హైదరాబాదులో చేసి, మళ్ళీ అవకాశం వచ్చి వెళ్ళాడు.

పెళ్ళిసంబంధాల దగ్గర ఈ చట్టాలు ఏం చేశాయో మీ అమ్మల్ని అడగండి. గ్రీన్ కార్డు ఉన్న పెళ్ళికొడుకంటే గొప్ప అనుకుంటాం కదా. ఆ రోజుల్లో గ్రీన్ కార్డు వాడిని చేసుకున్న పిల్ల నాలుగైదేళ్ళు పుట్టింట్లో కూర్చోవాల్సి వచ్చేది, భార్యల కోటాలో వంతు వచ్చేదాకా. హెచ్-1 వాడిని చేసుకున్న పిల్లేమో నెలల్లో విమానం ఎక్కేది. స్థిరపడ్డవాడి పెళ్ళాం ఇక్కడ, స్థిరం లేనివాడి పెళ్ళాం అక్కడ. మన ఊళ్ళోనే ఒక పిల్ల పెళ్ళయిన నాలుగో ఏడు దాకా అత్తారింటికీ పుట్టింటికీ మధ్య తిరిగింది. చూసేవాళ్ళు ఊరుకుంటారా, ఏదో ఉందంటారు. ఆ పిల్ల తప్పు లేదు, ఆ పిల్లాడి తప్పూ లేదు. తప్పంతా ఏడాదికి ఇన్నే అని గీసిన గీతది. ఆ మాట ఊరందరికీ చెప్పడానికి నేనెంత తిరిగానో.

హెచ్-1 మీద వెళ్ళినవాడి భార్యకి హెచ్-4. అప్పట్లో దాని మీద ఉద్యోగం చెయ్యకూడదు. మా కోడలు ఇక్కడ కాలేజీలో లెక్కలు చెప్పేది. పురిటికి నేను వెళ్ళాను. అప్పటికి హైదరాబాదులో అమెరికా కాన్సులేటు లేదు, 2008లో గానీ రాలేదు. రాత్రి రైలెక్కి మద్రాసు వెళ్ళడం, తెల్లవారకముందే వరసలో నిలబడడం. పట్టాదారు పాసు పుస్తకాలు, బ్యాంకు కాగితాలు, ఆస్తి విలువ మీద ఆడిటరు రాసిచ్చిన సర్టిఫికెట్టు, అన్నీ సంచిలో పెట్టుకుని వెళ్ళాలి. తిరిగొచ్చేస్తానని నమ్మించాలి మరి. మనవణ్ణి ఎత్తుకోవడానికి వెళ్తున్న మామ్మ ఎకరాల లెక్క చూపించాలన్నమాట. అక్కడికి వెళ్ళి చూస్తే మా కోడలు చుట్టుపక్కల పిల్లలకి లెక్కలు చెప్తోంది, ఊరికే. డబ్బు పుచ్చుకుంటే చట్టం తప్పినట్టు. "అత్తయ్యా, చెప్పడం మర్చిపోతానేమోనని చెప్తున్నా" అంది. ఎనిమిదేళ్ళు అట్టా గడిపింది. 2015 మే నెలలో ఒబామా హయాంలో రూలు మార్చారు, భర్త గ్రీన్ కార్డు అర్జీ కొంత ముందుకు కదిలి ఉంటే హెచ్-4 భార్య ఉద్యోగం చేసుకోవచ్చని. కోడలు బళ్ళో టీచరుగా చేరింది. మొదటి జీతం వచ్చిన రాత్రి నాకు ఫోను చేసి బళ్ళో పిల్లల పేర్లన్నీ వరసగా చెప్పింది. ఆ తర్వాత ఆ రూలు ఎత్తేస్తామని ఏళ్ళ తరబడి అంటూనే ఉన్నారు. ఎత్తెయ్యలేదు గానీ ఆ భయంలో బతికారు. మొన్న 2025 అక్టోబరులో పని అనుమతి గడువు దానంతటదే పెరిగే సౌకర్యం తీసేశారు. కాగితం ఆలస్యమైతే ఉద్యోగం ఆపుకుని కూర్చోవాల్సిందే.

భర్త కాగితం మీద భార్య బతుకు వేలాడితే ఏమవుతుందో 2017 ఫిబ్రవరిలో అందరం చూశాం. కాన్సాస్ రాష్ట్రంలో ఓలేత్ అనే ఊళ్ళో మన తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒకడు జాత్యహంకారంతో కాల్చి చంపాడు. భార్య సునయన అంత్యక్రియలకి హైదరాబాదు వచ్చింది. భర్తతోపాటు ఆమెకి అక్కడ ఉండే హక్కు కూడా పోయిందని అప్పుడు తెలిసింది. అక్కడి పార్లమెంటు సభ్యుడు ఒకాయన పూనుకుంటే తిరిగి వెళ్ళగలిగింది. భర్త పోయిన దుఃఖంలో ఉన్న మనిషి వీసా గురించి ఆలోచించుకోవాలా? పూనుకునే పెద్దమనిషి దొరకని ఆడవాళ్ళ మాటేంటి?

చదువుల పేరున పోయినవాళ్ళ సంగతి కూడా వినండి, ఇది మీ కోసమే. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ అనే యూనివర్సిటీ మీద దాడులు చేశారు. అది బోగస్. అందులో చేరినవాళ్ళలో మన తెలుగు పిల్లలే ఎక్కువ. కొందరి కాళ్ళకి రేడియో పట్టీలు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ. దాన్ని పెట్టింది ఎవరో కాదు, అక్కడి ప్రభుత్వ అధికారులే, మారువేషంలో. అరెస్టయిన వాళ్ళు 130 మంది దాకా ఉంటే ఒక్కరు తప్ప అందరూ మన దేశం పిల్లలే. తెలిసి చేరినవాళ్ళు ఉన్నారు, తెలీక చేరినవాళ్ళు ఉన్నారు. హెచ్-1 లాటరీ తగలక, వీసా నిలుపుకోడానికి ఏదో ఒక కాలేజీలో పేరు ఉండాలని చేరారు. దారి ఇరుకైనప్పుడు దొంగదారి చూపించేవాడు తప్పకుండా పుడతాడు. ఎకరం అమ్మి పంపే తండ్రులు ఆ కాలేజీకి గుర్తింపు ఉందా, తరగతులు జరుగుతాయా అని ముందు కనుక్కోవాలి. ఏజెంటు మాట మీద సంతకాలు పెట్టకండి.

కరోనాలో చట్టాలు రెండు వైపుల నుంచి వచ్చి పడ్డాయి. 2020 మార్చిలో మన ఊరి పిల్ల ఒకతె తండ్రికి బాగాలేదని వచ్చింది, భర్తని అక్కడ వదిలి. వీసా ముద్ర వేయించుకోవాలంటే కాన్సులేట్లు మూసేశారు. విమానాలు ఆగాయి. జూన్ 22న ట్రంపు ఇంకో ఆజ్ఞ తెచ్చాడు, హెచ్-1 వాళ్ళు ఆ ఏడాది చివరిదాకా కొత్తగా రాకూడదని. ఆ పిల్ల సంసారం ఏడాది పాటు ఫోన్లోనే నడిచింది. అట్నుంచి ఇంకో కథ. ఉద్యోగం పోయి ఇంటికి రావాలనుకున్న జంటలు మన సర్కారు నడిపిన వందే భారత్ విమానాల దగ్గరికి వెళ్తే, చంటిబిడ్డకి అమెరికా పాస్‌పోర్టు ఉంది, ఎక్కనివ్వం అన్నారు. అమ్మానాన్నలు భారతీయులు, బిడ్డ కాదు. కొన్నాళ్ళకి మన సర్కారు ఆ నిబంధన సడలించింది. అమెరికా ఒక్కదాన్నే అనకండర్రా. ఇంటిని కాగితాలుగా విడదీసి చూసే అలవాటు అన్ని దేశాలకీ ఉంది.

ఇప్పుడు గ్రీన్ కార్డు వరస సంగతి. ఉద్యోగాల మీద ఇచ్చేవి ఏడాదికి లక్షా 40 వేలు. ఏ ఒక్క దేశానికీ నూటికి ఏడు మించకూడదు. మన దేశానికీ అంతే, మన జిల్లా అంత కూడా లేని దేశానికీ అంతే. అందుకే 2013లో వరసలో నిలబడ్డవాళ్ళ వంతు 2025 నాటికి అప్పుడప్పుడే వస్తూ ఉంది. ఈ మధ్యలో పిల్లలు పెరుగుతారు కదా. నాకు తెలిసిన ఒక ఇంట్లో పెద్దపిల్ల రెండేళ్ళప్పుడు తల్లి చంకలో వెళ్ళింది. తమ్ముడు అక్కడే పుట్టాడు, పౌరుడు. ఆ పిల్లకి వచ్చే ఏడు 21. అప్పటికి కార్డు రాకపోతే హెచ్-4 పోతుంది, విద్యార్థి వీసా తెచ్చుకోవాలి, లేదా దేశం వదలాలి. ఆ పిల్లకి మన తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదు. పెదకూరపాడు వస్తే నాలుగు రోజులు సరదాగా ఉంటుంది. ఇది నీ దేశం, వెళ్ళు అంటే ఆ పిల్ల ఏ దేశం వెళ్ళాలి? నా హాస్టలు నేస్తం రంగం నుంచి వచ్చి అరవై ఏళ్ళయింది. అదే మాట ఈ పిల్ల నోట మళ్ళీ వింటున్నాను.

2025 జనవరిలో ఇంకో ఆజ్ఞ వచ్చింది, వీసా మీద ఉన్నవాళ్ళకి అక్కడ పుట్టే బిడ్డకి పౌరసత్వం ఇవ్వబోమని. కోర్టులు ఆపాయి, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కానీ ఆ ఆజ్ఞ ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చేలోపే కాన్పు చేయించుకుందామా అని నెలలు నిండని తల్లులు డాక్టర్లని అడిగారంట. పురిటి ముహూర్తం చట్టం పెట్టే రోజు వస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

వాళ్ళ దేశం, వాళ్ళ చట్టం, ఎవర్ని రానివ్వాలో వాళ్ళిష్టం అంటావా అబ్బాయ్? నిజమే. ఇంటి తలుపు మీద ఇంటివాళ్ళకి హక్కుంటుంది. గడప దాటనివ్వకపోతే అది వాళ్ళ నిర్ణయం. లోపలికి పిలిచి, పీట వేసి, అన్నం పెట్టి, సగం తిన్నాక లేవమంటే అది వేరు. పాతికేళ్ళు పన్ను కట్టినవాణ్ణి, అక్కడే బడికెళ్ళిన పిల్లని, కొత్త చట్టం పేరుతో మొదటికి తెచ్చి నిలబెట్టకూడదు. నేను అనేది అంతవరకే.

మనం కూడా చెయ్యాల్సినవి ఉన్నాయి. తిరిగొచ్చిన పిల్లాణ్ణి "ఎందుకొచ్చావు, ఏమైంది" అని వీధిలో నిలబెట్టి అడగకండి. చేతిలో ఉన్న భూమంతా ఒక వీసా మీద పెట్టకండి. అక్కడ ఉన్న కొడుకు ఈ పండక్కి రాలేదని తల్లులు నిష్ఠూరాలాడకండి, బయటికొస్తే మళ్ళీ ముద్ర పడుతుందో లేదోనని వాడు ఎన్ని రాత్రులు లెక్కలేసుకున్నాడో మీకు చెప్పి ఉండడు.

చివరగా మన దగ్గరి సంగతి ఒకటి. ఏటా మిరపకోతలకి కర్నూలు వైపు నుంచి కూలీలు పిల్లాజెల్లాతో ఇటు వస్తారు కదా. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ పిల్లల్ని బళ్ళో చేర్చాలంటే టీసీ ఏది, పుట్టినతేదీ కాగితం ఏది అనేవారు. కళ్ళంలో మిరపకాయల మధ్య ఆడుకునే పిల్లకి టీసీ ఎక్కడిది? నేను తీసుకొచ్చి వెనక బెంచీలో కూర్చోబెట్టేదాన్ని, హాజరు పట్టీలో పేరు లేకుండానే. కోతలయ్యాక వెళ్ళిపోయేవాళ్ళు, చదివిన ఆ రెండు నెలలు ఎక్కడా లెక్కలోకి వచ్చేవి కావు. నేను రిటైరయ్యాక 2009లో విద్యాహక్కు చట్టం చేశారు, 2010 ఏప్రిల్ నుంచి అమలు. టీసీ లేదనో, వయసు కాగితం లేదనో ఏ పిల్లనీ బడి కాదనకూడదని అందులో రాశారు. ఆ వాక్యం చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. వలస వచ్చిన పిల్లని మనసులో పెట్టుకుని కూడా చట్టం రాయొచ్చు అన్నమాట. కోడలికి పని ఇచ్చిన రూలూ అట్టాంటిదే. ఇంటిని విడదీసిన చట్టాలు రాసిందీ మనుషులే, కలిపినవి రాసిందీ మనుషులే.

మీలో రేపు ఎవరు కలెక్టరవుతారో, ఎవరు ఎమ్మెల్యే అవుతారో, ఎవరు అక్కడే పౌరులై ఓటేస్తారో నాకు తెలీదు. ఏ రూలు రాసే చోట కూర్చున్నా, దానికి ఓటేసే చోట నిలబడ్డా ఒకటి అడగండి: ఇప్పటికే బయల్దేరి దారి మధ్యలో ఉన్నవాళ్ళ సంగతేంటి, వాళ్ళ వెనక ఎవరెవరున్నారు అని. కొత్త రూలు కొత్తగా బయల్దేరేవాళ్ళకి పెట్టండి. ముందే వెళ్ళినవాళ్ళకి వెళ్ళిన నాటి మాట నిలబెట్టండి. వెనక వీధిలో ఆ తల్లికి నేనింకా జవాబు చెప్పలేదు. ఆ జవాబు చెప్పాల్సినవాళ్ళు మీరే.